కృతజ్ఞతాకీర్తనము – ఋణభావన: రామదాసు, పురుషోత్తమ చౌధరి

హైదరాబాదు పాతబస్తీలో, షాలిబండ చేరువనున్న హరిబౌలియందు అక్కన్న మాదన్నల పేరిట ఒక మహంకాళి ఆలయము కలదు. అబుల్ హసన్ కుతుబ్ షా (1672–1687) కొలువున మంత్రిత్వము నెరపిన ఆ సోదరులు 1686లో హతులైరి. వారి మేనల్లుడే పాల్వంచ పరగణా తహసీలుదారగు కంచెర్ల గోపన్న, అనగా భక్త రామదాసు. తెలుగు క్రైస్తవకీర్తనలలోని కృతజ్ఞతాభావమును పరిశీలింపబూని రామదాసుతో ప్రారంభించుట కొందరికి వింతగా దోపవచ్చును. కాని తెలుగు కీర్తనములో భక్తునకును భగవంతునకును మధ్య లెక్క చూచుకొను సంప్రదాయమును ఆయనయంత స్పష్టముగా చూపినవారు అరుదు.

‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను గమనింపుడు. సీతకు, భరతశత్రుఘ్నలక్ష్మణులకు తాను చేయించిన సొమ్ముల పేళ్లు, వానికైన వరహాలు వరుసగా అందు కలవు. తహసీలుదారు పద్దుపుస్తకమే చెరసాలలో కీర్తనమైనది. ఇందు ఋణదాత భక్తుడు, బాకీదారు దైవము. అయితే తుదిచరణమున కవి తన తిట్టులకు క్షమాపణ వేడుకొనును. విడనాడడని నమ్మినవానినేగాని ఇట్లు నిలదీయలేము. కావున ఈ నింద అవిశ్వాసము కాదు; దైవముయొక్క నమ్మకత్వమును నమ్మిన వాని అలుక.

ఇక పురుషోత్తమ చౌధరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, సువార్తసేవలో కడవరకు జీవించెను. ‘త్రాహిమాం’ అను సంస్కృతపదముతో ఆరంభమగు ఆయన కీర్తన నేటికిని ఆంధ్రక్రైస్తవసంఘములలో వినబడుచున్నది. పల్లవి, చరణములు, రాగతాళనిర్దేశము—అంతయు మన కీర్తనసంప్రదాయమే. మారినది పద్దు. రామదాసు వరహాలు లెక్కించినచోట ఈ కవి తాను గవ్వకు కొరగానని చెప్పుకొనును. ఇక్కడ బాకీదారు భక్తుడు. ఆ ఋణము తీర్పదగినది కాదు. అది దాతచేతనే కొట్టివేయబడినది. తీరని ఋణమును ఎరిగియుండుటయే ఇచ్చట కృతజ్ఞత. ‘కృతజ్ఞుడు’ అను పదమునకు ‘చేసిన మేలు నెరిగినవాడు’ అనియే గదా వ్యుత్పత్త్యర్థము! ప్రతిఫలమిచ్చువాడని ఆ పదము చెప్పుట లేదు.

ఈ భావమునకు మూలము హీబ్రూ కీర్తనలయందు కలదు. అందు తరచుగా జంటగా వచ్చు హెసెద్, ఎమెత్ అను పదములకు తెలుగు బైబిలు కృప, సత్యము అని అనువాదము చేసినది. మొదటిది నిబంధనకు కట్టుబడిన ప్రేమ. రెండవది మాట తప్పని స్థైర్యము. ‘సత్యము’ అనగానే మనకు తత్త్వార్థము స్ఫురించును గాని, ఇచ్చట ఆడినమాట నిలుపుకొనుట ముఖ్యార్థము. సత్యహరిశ్చంద్రుని కథ నెరిగిన తెలుగువానికి ఇది కొత్త కాదు. అనువాదకుల ఎన్నిక ఈ విధమున సార్థకమైనది.

అయినను ఒక లోపమును దాచరాదు. హీబ్రూ కీర్తనలలో కృతజ్ఞత ఒంటరిగా నిలువదు. పదుమూడవ కీర్తన ‘ఎంతకాలము’ అను ప్రశ్నతో మొదలై గానముతో ముగియును. దేవుని నమ్మకత్వమును మిక్కిలి కొనియాడిన వాక్యములు విలాపవాక్యముల మూడవ అధ్యాయమున, యెరూషలేము పతనానంతర దుఃఖమధ్యమున ఉన్నవి. నిలదీసి పిమ్మట తలవంచిన రామదాసుని నడక ఈ రచనలకు ఎంత సన్నిహితము! తెలుగు క్రైస్తవకీర్తన స్తుతిని, పశ్చాత్తాపమును సమృద్ధిగా గైకొన్నది. నిలదీతను మాత్రము పెక్కుచోట్ల విడిచినది. చౌధరి రచనలో ఆర్తి నిజమైనది గనుక కృతజ్ఞతకు బలము చేకూరినది. ఆర్తి లేని అనంతర రచనలలో కొన్ని కేవలము విశేషణపరంపరలుగా మిగిలినవి. ఆపద చెప్పక రక్షణను పొగడిన పాట, అప్పు చెప్పక రసీదు చూపినట్లుండును.

గుఱ్ఱం జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. పద్యకావ్యమునకు లభించిన ఈ గౌరవము సంఘములలో పాడుకొను కీర్తనకు మన సాహిత్యచరిత్రలలో లభింపలేదు. ఆరాధనకు చెందినదని దానిని తొలగించినచో, అదే న్యాయమున అన్నమయ్యను, రామదాసును తొలగింపవలసియుండును. అట్లు ఎవరును చేయరు. పరిశోధకవిద్యార్థులు ఈ కీర్తనలను మతాభిమానముతో గాక, మతద్వేషముతో గాక, రామదాసు ప్రక్కనుంచి చదువవలయును. అప్పుడు ఒకే భాషలో ఒకరు దైవమును బాకీ అడుగుట, మరియొకరు తన బాకీని ఒప్పుకొనుట కనబడును. రెండింటికిని ఆధారమొక్కటే: ఎదుటివాడు మాట తప్పడను నమ్మకము.