దారిలో పోయిన వోల్టులు

అరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరుంది. ఫీనిక్స్ నుంచి పడమరగా రెండు గంటల దారి. చలికాలం వచ్చేసరికి ఉత్తరాది రాష్ట్రాల నుంచీ, కెనడా నుంచీ పింఛనుదార్లు ట్రైలర్లు తగిలించుకుని అక్కడ దిగిపోతారు. ఊరి పక్కనున్న లా పోసా ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి 180 డాలర్ల పర్మిట్ చాలు. కరెంటు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. కప్పు మీద సోలార్ పలకలు, ముందు కొక్కెం దగ్గర పెట్టెలో బ్యాటరీలు, మంచం కింద ఇన్వర్టర్. ఈ మూడూ సరిగ్గా ఉన్నంతవరకే అక్కడ సంసారం.

ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్ నుంచి మా ట్రైలర్‌తో మేం వెళ్లిన రెండో రోజు పొద్దున్నే, టీకి నీళ్లు కాచుదామని మైక్రోవేవ్ నొక్కాం. పట్టుమని పది సెకన్లు తిరగలేదు, ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, అంటే నిండుగా ఉన్నట్టే. హైదరాబాద్‌లో మా వీధి మెకానిక్ అయితే మూత తీయకుండానే తీర్పు చెప్పేవాడు: బ్యాటరీ పోయింది సార్, మార్చేయాలి. (తప్పుపట్టను. చాలాసార్లు ఆయన మాటే నిజమయ్యేది.) నేనూ కొత్త బ్యాటరీల ధర వాకబు చేసే పనిలో పడ్డాను.

పక్క ట్రైలర్ పెద్దాయన మా అవస్థ చూసి వచ్చాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎలక్ట్రీషియన్. చేతిలో ఒక మల్టీమీటర్, జేబులో రెండు స్పానర్లు, అంతే. ముందు ప్రశ్నలు వేశాడు. నొక్కగానే ఆగుతోందా, కాస్త తిరిగి ఆగుతోందా? రాత్రి లైట్లు మసకబారుతున్నాయా? 12.6 అని నేను చెప్పిన అంకెను విననట్టే ఊరుకున్నాడు. కాడి కట్టకుండా ఎద్దు సత్తువ ఏం తెలుస్తుంది? ఏ పనీ లేని బ్యాటరీ ఎప్పుడూ నిబ్బరంగానే కనిపిస్తుంది.

అందుకని లోడు మీదే కొలిచాడు. మైక్రోవేవ్‌లో గిన్నెడు నీళ్లు పెట్టించి, బటన్ దగ్గర మా ఆవిడని నిలబెట్టాడు. మెషిన్ ఆగిపోయేలోపు దొరికే ఆ పది సెకన్లలో ఒక్కో చోట కొలత. మళ్లీ ఆన్ చేయడం, మళ్లీ ఇంకోచోట. బ్యాటరీల దగ్గర 12.1. ఇన్వర్టర్ దగ్గర 10.4. వోల్టేజి 10.5 కంటే దిగితే ఆగిపోయేలా ఆ ఇన్వర్టర్‌ని తయారుచేశారు. అంటే అది తన పని తాను చేసుకుంటోంది, బ్యాటరీ కూడా బాగానే ఉంది. 1.7 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి.

ఆ దారి వెంట ఆయన నడిచిన తీరు చూడాలి. మీటర్ ప్రోబ్‌ని టెర్మినల్ సీసం మీదే ఆనించాడు, దాని మీద బిగించిన కేబుల్ కొస లగ్గు మీద కాదు. లగ్గు మీద పెడితే ఆ రెండింటి మధ్య అతుకు కొలతలోకి రాకుండా తప్పించుకుంటుందట. ప్లస్ వైపు కేబులూ, ఫ్యూజూ కలిపి 0.3 తిన్నాయి. వాటిని వదిలేశాడు. మైనస్ వైపు 1.4 తేలింది. గోనెపట్టా పరుచుకుని ట్రైలర్ కిందికి దూరాడు. ఇన్వర్టర్ బిగించినవాళ్లు మైనస్‌కి కేబుల్ మొత్తం లాగకుండా, కింది ఇనప చట్రాన్నే తిరుగుదారిగా వాడుకున్నారు. లగ్గుని చట్రానికి బోల్టుతో బిగించారు, రంగు గీకకుండా. ఆ ఒక్క అతుకు దగ్గరే 1.2 వోల్టులు. వేలు ఆనించి చటుక్కున తీసేశాడు, అంత వేడి.

అడ్డు ఎంతని? మైక్రోవేవ్ నడిచేటప్పుడు పారే 140 ఆంపియర్లకి 1.2 వోల్టులంటే 0.01 ఓం కూడా లేదు. మామూలు మీటర్‌ని ఓంలలో పెట్టి కొలిస్తే దొరికేది కాదు, దాని తీగలకే అంతకు పదింతల అడ్డు ఉంటుంది. లైట్లకీ ఫ్యానుకీ ఈ లోపం తెలియదు. మైక్రోవేవ్ లాంటిది మీద పడితేనే బయటపడుతుంది.

బాగుచేయడం పావుగంట పని, కానీ తొందరపడలేదు. పెళ్లి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు, స్పానర్ పిడికి టేపు చుట్టాడు. 12 వోల్టులు షాక్ కొట్టవు గానీ, ప్లస్‌కీ చట్రానికీ మధ్య ఉంగరం అడ్డుపడితే వేలు కాలిపోతుంది. సోలార్ ఆపి, మైనస్ ముందు విప్పాడు. రంగు గీకి ఇనుము తళతళలాడేదాకా రుద్దాడు. పళ్ల వాషర్ వేసి లగ్గు బిగించి, పైన గ్రీజు పూశాడు. మళ్లీ కలిపేముందు బ్యాటరీకీ మైనస్ లగ్గుకీ మధ్య ఒక పాత కారు బల్బు తగిలించాడు. ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. బల్బు వెలిగి, మెల్లగా మసకబారి, ఆరిపోయింది. అప్పుడు గానీ లగ్గుని టెర్మినల్‌కి తగిలించలేదు. రవ్వంత మెరుపు కూడా లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ బల్బే.

మళ్లీ కొలిస్తే ఇన్వర్టర్ దగ్గర 11.6. నీళ్లు మరిగాయి.

వెళ్లేముందు తెల్ల టేపు ముక్క మీద తేదీ వేసి, 12.1, 11.6 అని రాసి, బ్యాటరీ పెట్టె మూత లోపల అంటించాడు. ఆ టేపు ఇంకా ఉంది. దాని కింద ఈ జనవరిలో నేను రాసిన అంకె 11.5.