మదనపల్లె పాడిన జంటస్వరాలు

తెలుగు అక్షరం ముక్క రాని తంజావూరు రసికుడు త్యాగరాజ కీర్తన వింటూ కళ్లు తుడుచుకోవడం మనకు కొత్త కాదు. అర్థం తెలియనివాడికి ఆ కన్నీళ్లెందుకని మనమెవరమూ అడగం. మంచి పాట ముందు చెవికి చుట్టం, ఆ తరవాతే బుద్ధికి. ఈ మాటకు నాకు తెలిసిన సాక్ష్యాల్లో అందమైనది ఏ సంగీత సభలోనూ పుట్టలేదు. 1919 ఫిబ్రవరిలో, అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో, ఓ చిన్న కాలేజీ కుర్రాళ్ల గొంతుల్లో పుట్టింది.

ఆ కాలేజీ బిసెంట్ థియొసాఫికల్ కాలేజీ. ఊళ్లోవాళ్లకు బీటీ కాలేజీ. 1915లో మొదలైంది. హోంరూల్ గొడవల్లో మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోగొట్టుకుని, అడయారులో పెట్టిన జాతీయ విశ్వవిద్యాలయం నీడకు చేరింది. ఆ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూరు. మదనపల్లె కాలేజీకి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి. డబ్లిన్‌లో యేట్స్ చుట్టూ తిరిగిన నాటక బృందంలోవాడు. 1904లో జేమ్స్ జాయిస్‌కు కొన్నాళ్లు ఇంట్లో చోటిచ్చి, తరవాత అదే జాయిస్ చేత వెక్కిరింపులు తిన్నవాడు. ఆయన భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. స్త్రీలకు ఓటు కావాలని లండన్‌లో పోరాడి 1910లో హాలోవే జైలు చూసి వచ్చిన మనిషి. ఇలాంటి దంపతులు నడిపే కాలేజీలో పాఠాలు ఎంత గట్టిగా సాగేవో గానీ, పాటలకు మాత్రం లోటుండేది కాదు. భోజనాలయ్యాక పిల్లలూ పంతుళ్లూ చేరి గొంతు విప్పే కూడిక అక్కడి ఆనవాయితీ.

దక్షిణాదిలో ఊరూరా ఉపన్యాసాలిచ్చి అలిసిపోయిన రవీంద్రుడు విశ్రాంతి కోసం మంచి గాలి వీచే ఆ ఊళ్లో దిగాడు. యుద్ధం ముగిసి మూడు నెలలు దాటింది. ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చుకుపోయి ఎంతో కాలం కాలేదు. ఢిల్లీలో రౌలట్ బిల్లుల మీద దుమారం రేగుతోంది. అలాంటి రోజుల్లో ఒక రాత్రి ఆయన ఆ పాటల కూడికలోకి వచ్చి, నేనూ ఒకటి పాడనా అన్నాడు. పాడింది జనగణమన.

కజిన్స్ తరవాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఈ ఘట్టం చదివి తీరాలి. అంత భారీ విగ్రహం నుంచి ఆశ్చర్యంగా పలచని గొంతు వచ్చిందట. మొదటి చరణం విని ఇదేదో భూగోళ పాఠంలా ఉందనుకున్నారట. రాష్ట్రాల పేర్లు, కొండల పేర్లు, నదుల పేర్లు. రెండో చరణంలో మతాల జాబితా. కానీ మొదటి చరణం చివరి పల్లవికే చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండో చరణం చివరికి వచ్చేసరికి గొంతులు సవరించుకున్నారు. మళ్లీ పాడమన్నారు, మళ్లీ మళ్లీ పాడమన్నారు. కాసేపటికి హాలంతా ఎలుగెత్తి అందుకుంది. ఎవరికి జయం పలుకుతున్నామో తమకు తెలియనే తెలియదని కజిన్స్ దాచుకోకుండా ఒప్పుకున్నాడు. నాకు ముచ్చటేసేది ఈ ఒప్పుకోలే. ఆ జయం ఎవరికన్న ప్రశ్న మీద దేశం తరవాత ఏళ్ల తరబడి వాదులాడుకుంది. ఏ రాజునూ ఉద్దేశించలేదని 1937లో కవి స్వయంగా ఉత్తరం రాసి చెప్పుకోవలసి వచ్చింది. మదనపల్లె కుర్రాళ్లకు ఆ చింతే లేదు.

భాష రాని పిల్లలు ఒక్క రాత్రిలో ఎలా అందుకున్నారు? జవాబు స్వరాల్లోనే ఉంది. హార్మోనియం ముందు కూర్చుని చూడండి. పాట షడ్జమంతో మొదలై రిషభం మీదుగా గాంధారానికి చేరి, అక్కడే నిలబడిపోతుంది. ఒకదాని వెంట ఒకటి అక్షరాలన్నీ ఆ గాంధారం మీదే. గమకం లేదు, వంకర లేదు. పాటగాడు కాని వాడికి కూడా నిలదొక్కుకోవడానికి అంత విశాలమైన చోటు దొరకడం అరుదు. ఆ మొదటి పాదం మధ్యమం తాకి ఆగుతుంది. ఇక చివరి జయధ్వానం. మొదటిసారి తారషడ్జమం మీద, రెండోసారి అంతకు ఒక మెట్టు కింద నిషాదం మీద, మూడోసారి ఇంకో మెట్టు కింద ధైవతం మీద. ఉత్సాహం చల్లారుతోందేమో అనిపించే దిగుడు అది. సరిగ్గా అప్పుడు పాట అమాంతం మంద్రం వైపుకు, మళ్లీ మొదటి షడ్జమానికి దూకి, స-స, రి-రి, గ-గ అంటూ జంటలు జంటలుగా లేచి, రి-గ-మ అని మధ్యమం మీద నిలుస్తుంది. సరళీ స్వరాలు దాటి జంట వరసల్లోకి వచ్చిన పిల్ల మొదటి రోజు పలికే ముక్క ఇది! శిఖరమని మనం చేతులు కట్టుకుని నిలబడే చోటును రవీంద్రుడు బాలపాఠంతో కట్టాడు. పైగా మొదటి పాదం ఆగిన ఆ రి-గ-మ దగ్గరే చివరి పాదమూ ఆగుతుంది. మధ్యమం మీద ఆగిన పాట ముగిసినట్టుండదు, ఇంకా ఏదో రావాలన్నట్టుంటుంది. మళ్లీ పాడమని వాళ్లు ఊరికే అడిగారా?

మార్గరెట్ ఆ వరసను పాశ్చాత్య పద్ధతిలో స్వరాలుగా రాసి పెట్టింది. అర్థం కావాలన్న కోరిక మీద రవీంద్రుడు అయిదు చరణాలనూ ఇంగ్లీషు చేసి, భారత ప్రభాత గీతం అన్న అర్థం వచ్చే పేరు పెట్టి, 1919 ఫిబ్రవరి 28 తేదీతో సంతకం చేసి ఇచ్చాడు. ఆ ఇంగ్లీషులో గంభీరత ఉంది. గీతాంజలి అనువాదంలో లాగానే ప్రాసలు వదిలేసిన నిదానమైన వచనం. అయితే నడక లేదు. మార్గరెట్ కాగితంలో నడక ఉంది, అర్థం లేదు. మాటల అర్థం తెలియకపోయినా, రెండూ కలిసి ఒక ప్రాణంగా ఉన్నది ఆ రాత్రి పిల్లల గొంతుల్లోనే అంటాను. విమర్శకుడు కాగితాలు పట్టుకుని వెళ్లేసరికి రసం ఎప్పుడూ ఇలా గుంపులో కలిసి పోయి ఉంటుంది.

ఇక్కడ ఒక మాట. జనగణమనకు వరస కట్టింది మదనపల్లెలోనేనని మనవాళ్లు కొందరు గర్వంగా చెబుతారు. ఊరి మీది ప్రేమ మంచిదే కానీ మాట నిజం కాదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే ఈ పాట పాడారు. వరస రవీంద్రుడిదే. మదనపల్లె ఇచ్చింది వేరే. బెంగాలీ నోట లేని గుంపు ఒకటి దాన్ని తనదిగా చేసుకుని పాడగలదన్న రుజువు. కాలేజీ దాన్ని ప్రార్థనాగీతం చేసుకుంది. దాన్నే జాతీయగీతం చేయాలని 1937లో కజిన్స్ బాహాటంగా వాదించాడు. 1950 జనవరి 24న అది జరిగింది.

మార్గరెట్ మాత్రం స్వరాలు రాసి ఊరుకోలేదు. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టుకలో ముందు నిలిచింది. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులను ఎదిరించి మాట్లాడి ఈసారి వేలూరు జైలుకు వెళ్లింది. ఆ జంటస్వరాలు కాగితం మీద పెట్టిన వేళ్లు ఎంతటి మనిషివో గుర్తుంటే, ఆ స్వరాల్లో ఉన్న నిటారుతనం ఇంకా బాగా వినబడుతుంది నాకు.

అధికారికంగా మనం పాడేది మొదటి చరణమే, 52 సెకన్లు. భూగోళంతో మొదలై అక్కడే ఆపేస్తాం. కానీ అసలు పాట ప్రయాణం పెద్దది. మూడో చరణంలో యుగాల బాట మీద యాత్రికులు, రథసారథి, శంఖనాదం. నాలుగోది కటికచీకటి, రోగంతో సొమ్మసిల్లిన దేశం, కన్నార్పని తల్లి. ఇన్‌ఫ్లుయెంజా ఇళ్లు ఖాళీ చేసిన మరుసటి నెలల్లో ఆ చరణం అర్థం తెలిసినవాడి గుండెలో ఎలా దిగి ఉంటుందో ఊహించండి. అయిదో చరణంలో తూరుపు కొండ మీద పొద్దు. మదనపల్లె కాగితం మీది పేరు ఈ చివరి చరణం నుంచి వచ్చిందే. నాలుగో చరణం చీకటి లేకుండా ఆ ఉదయానికి విలువ లేదు. రెండూ మన నోట లేవు.

యూట్యూబులో అయిదు చరణాలూ పాడినవి దొరుకుతాయి. ఒక్కసారి పూర్తిగా వినండి. బెంగాలీ రాకపోయినా ఫర్వాలేదు.