జామీను ఎవరు?

ఇర్విన్ స్ప్రేగ్ రచించిన 'బెయిలౌట్' (1986) లోపలి మనిషి సాక్ష్యం. 1984లో కూలబోయిన చికాగో కాంటినెంటల్ ఇల్లినాయ్ బ్యాంకును నిలబెట్టిన ప్రభుత్వ డిపాజిట్ బీమా సంస్థ డైరెక్టర్లలో ఆయన ఒకరు. చదివి ముగించినా నా సందేహం తీరలేదు.

1982 జూలైలో ఓక్లహోమాలోని చిన్న బ్యాంకు పెన్ స్క్వేర్ మూతపడింది. లక్ష డాలర్ల బీమా పరిమితికి పైబడిన సొమ్ములో కొంత పోయింది. ఆ బ్యాంకు ఇచ్చిన చమురు రుణాలనే సుమారు 100 కోట్ల డాలర్ల మేర కొని నష్టపోయిన కాంటినెంటల్‌లో మాత్రం డిపాజిట్లన్నీ భద్రం! బీమా నిధిలో చిన్న బ్యాంకుల ప్రీమియమూ ఉంది.

శీర్షికకు మొదట 'జామీను' అని రాసుకున్నాను. అరబీ నుంచి వచ్చిన మాటే. ఫిఖహ్‌లో జామిన్ తన ఇష్టంతోనే పూచీ పడతాడు. ఇక్కడ చిన్న బ్యాంకులను ఎవరూ అడగలేదు. ఆ మాట కొట్టివేశాను.