స్కిల్ ఎవరి ఖర్చు?

విదేశీ కంపెనీలు వస్తున్నాయి, ఉద్యోగాలున్నాయి, మనవాళ్లకే స్కిల్ లేదు అంటున్నారు. మండల్ రోజుల్లో మెరిట్ లేదన్నవాళ్లే కాస్త మర్యాద నేర్చుకొని ఈ మాట పట్టుకున్నారని మేం అనుకుంటున్నాం. ఈ మాట చేసే పనేంటో చూడాలంటే అమీర్‌పేట రావాలి.

మైత్రీవనం చుట్టూ మేడల మీద జావా, శాప్ బోర్డుల మధ్యే ఆటోక్యాడ్, పీఎల్‌సీ బోర్డులూ ఉంటాయి. ఫ్యాక్టరీ యజమాని నేర్పాల్సిన పనిని పిల్లోడే ఫీజు కట్టి నేర్చుకుని రావాలి. ఫీజొక్కటేనా? పంజాగుట్ట దాకా సందుసందునా హాస్టళ్లే. మంచానికి అద్దె, మెస్‌కి బిల్లు. కూలికి పోయే తల్లి ఎక్కణ్ణుంచి తెస్తుంది? వడ్డీకి తెస్తుంది. ఉద్యోగం కంటే ముందు అప్పు ఇంటికొస్తుంది.

అమీర్‌పేటకు దగ్గర్లోనే, సనత్‌నగర్‌లో, ఆల్విన్ ఉండేది. 1942లో మొదలైన ఆ కంపెనీకి 1980ల్లో గడియారాల తయారీలో జపాన్ సీకో, తేలికపాటి ట్రక్కుల్లో నిస్సాన్ తోడయ్యాయి. విదేశీ సాంకేతికం అప్పుడూ వచ్చిందన్నమాట. అయితే అది ప్రభుత్వరంగం గడప తొక్కి లోపలికొచ్చింది. ఆ గడప లోపల రిజర్వేషన్ రోస్టర్ ఉండేది. దాన్ని నిజాయితీగా అమలుచేశారని మేం చెప్పబోం. కానీ మాల మాదిగ పిల్లలు జపాన్ యంత్రం ముందు నిలబడ్డానికి, నిలబడనివ్వకపోతే కొట్లాడ్డానికి, ఒక కాగితం ఉండేది. 1990ల్లో ఆల్విన్ ముక్కలైంది, ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ పాలైంది. ఆ కాగితమూ చెల్లకుండా పోయింది.

కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్‌కు 2023లో శంకుస్థాపన చేశారు. లక్ష ఉద్యోగాలన్నారు. అందులో వాడకెన్ని అన్న లెక్క మాకైతే వినపడలేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది. అర్హులు దొరక్కపోతే ప్రభుత్వ సహకారంతో మూడేళ్లలో కంపెనీయే నేర్పించి తీసుకోవాలంది. నేర్పడం యజమాని పనేనని ఒప్పుకున్నందుకు సంతోషమే. కానీ స్థానికుడనే మాటలో ఊరూ వాడా కలిసిపోయాయి. కలిసిన చోటల్లా ముందు వరసలో ఊరే కూర్చుంటుందని మనకు తెలియనిదా!

మనవాళ్లు మరిచిపోయిన చట్టం ఇంకోటుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టానికి 1973లో చేసిన సవరణ ప్రకారం శిక్షణ స్థానాల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు యజమానికీ అది వర్తిస్తుంది. పైగా యజమాని స్టైపెండ్ ఇచ్చి నేర్పాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల కోసం కొత్త చట్టం అడుగుతున్న మన సంఘాలు ఈ పాత సెక్షన్‌ను ఎందుకు పట్టుకోవు? ఏ దేశపు కంపెనీ అయినా సరే, ఎంతమంది ఎస్సీ, ఎస్టీ అప్రెంటిస్‌లను తీసుకుందో గేటు మీద రాసి అంటించమని అడగొచ్చు కదా.