కన్ను కాదు, బొటనవేలు అడిగాడు
బడిలో గురి అనగానే అర్జునుడి పిట్ట పాఠమే చెబుతాం. చెట్టు కనబడలేదు, పిట్ట తల ఒక్కటే కనబడిందన్నాడు, కొట్టాడు. గురంతా కంట్లోనే ఉన్నట్టు! పాఠం తప్పని మేము అనడం లేదు, సగమే అంటున్నాం. నారి లాగేటప్పుడు వణికేది చెయ్యి. ఆ బరువును వీపు మోయాలి, ఊపిరి నిలవాలి, వదిలేటప్పుడు వేళ్లు అదరకూడదు. ద్రోణుడికి ఇది తెలుసు. అందుకే నిషాదుడైన ఏకలవ్యుణ్ణి కన్ను అడగలేదు, కుడి బొటనవేలు అడిగాడు. వ్యాస భారతం ఆదిపర్వంలో ఆ తర్వాతి మాట మాత్రం ఎవరూ పిల్లలకు చెప్పరు: మిగిలిన వేళ్లతోనే అతను నారి లాగాడు, మునుపటి వేగం లేదు. తగ్గింది వేగమనే ఉంది, గురి తప్పిందని లేదు. నేడు ఒలింపిక్స్‌లో రికర్వ్ విల్లు పట్టేవాళ్లూ బొటనవేలు లేకుండా మూడు వేళ్లతోనే నారి లాగుతున్నారు.