సోమనాథుడు - వేదప్రామాణ్యము

శ్రుతిస్మృతులకు విరోధము కల్గినచో శ్రుతియే బలీయమని మీమాంసకుల నిర్ణయము. పాల్కురికి సోమనాథుడు శ్రుతినే త్రోసిపుచ్చెనని కొందఱందురు. బసవపురాణమున భక్తుడొకడు కుక్కచే వేదము చదివించిన కథ వారికాధారము. భక్తిని వేదాధ్యయనముకంటె మిన్నగా నతడెంచిన మాట నిజమే. కాని సంస్కృతమున రచించిన సోమనాథభాష్యమున శివపారమ్యస్థాపనకు వేదవాక్యములను ప్రమాణముగా జూపినాడు. తన ద్విపదలను వట్టి తెలుగుమాటలని తలపక వేదములతో సమానముగా జూడుడని బసవపురాణముననే కోరినాడు. వేదమును నిరాకరించినవాడు తన కృతిని దానితో దూచుకొనడు గదా! కావున నతడు కాదన్నది వేదప్రామాణ్యమును గాదు. వేదము కొందఱి సొత్తేయను అధికారవాదమును. ఒక్క కుక్క కథనుబట్టి తీర్పు చెప్పుటకు ముందు పరిశోధకులు భాష్యమును గూడ జదువవలెను.