ముందు ఫైలు, తర్వాత కంప్యూటరు

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే నాకు ఒకేరకం ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, మిక్సింగ్‌కి కంప్యూటర్ కొందామనుకుంటున్నా. ఏది తీసుకోమంటావు?" నేనేమో ఎదురు అడుగుతాను: "కెమెరా ఏది తమ్ముడూ? ఒక క్లిప్పు పంపు." మాట దాటేస్తున్నాననుకుంటారు పాపం. అసలు సంగతంతా ఆ క్లిప్పులోనే ఉంది.

పెళ్లి వీడియో ఎడిటింగ్‌ని మన ఊళ్లలో ఇప్పటికీ మిక్సింగ్ అనే అంటాం. రెండు డెక్కుల నడుమ మిక్సర్ పెట్టుకుని క్యాసెట్టు మీదికి ఎక్కించిన రోజుల మాట అది. క్యాసెట్టు పోయింది, మాట మిగిలింది.

ఇప్పటి కెమెరా సెకనుకు 25 బొమ్మలు తీస్తుంది గానీ, అన్నిటినీ పూర్తిగా దాచదు. ఒక బొమ్మను నిండుగా రాసుకుని, తర్వాతి వాటిలో మారిన ముక్కలే రాస్తుంది. హెచ్.264, హెచ్.265 అంటే ఇదే. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదనుకోండి. ఫలానా రోజుకు బాకీ ఎంతంటే, పాత పద్దుల నుంచి కూడుకుంటూ రావాలి. చూసేవాడు సినిమాలా ముందుకే చూస్తాడు కాబట్టి ఇబ్బంది లేదు. ఎడిటరు వెనక్కీ ముందుకీ గెంతుతూనే ఉంటాడు. ఆగిన ప్రతిచోటా కంప్యూటర్ మళ్లీ లెక్క కట్టాలి.

దానికి 4:2:2 10 బిట్ (రంగు వివరం ఎక్కువగా దాచే తీరు) తోడైతే లెక్క ఇంకా బరువు. రంగుకు 256 మెట్ల బదులు 1024 మెట్లుంటాయి. హాల్లో పచ్చటి లైట్ల కింద పెళ్లికూతురి ఎర్రపట్టు సరిచేయాలంటే అవి కావాలి, నిజమే. అయితే ఎన్విడియా 50 సిరీస్‌కు ముందు వచ్చిన జీఫోర్స్ గ్రాఫిక్స్ కార్డులకు ఆ ఫైలును హార్డ్‌వేర్‌లో విప్పడం రాదు. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్‌లోని మామూలు ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌కు మాత్రం హెచ్.265లో వచ్చు. కాస్త చవకని పేరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్ కొన్నారా, అందులో ఆ గ్రాఫిక్సే ఉండదు. పెద్ద కార్డుకు డబ్బంతా పోసి, టైమ్‌లైన్ నత్తనడక నడుస్తుంటే తల పట్టుకున్నవాళ్లను చూశాను.

కొత్తది కొనే స్తోమత లేకపోతే ప్రాక్సీ చేసుకోండి. అసలు ఫైళ్లకు తేలికపాటి నకళ్లు తీసి, కత్తిరింపులన్నీ వాటి మీద కానిచ్చి, చివర్లో అసలువి ఎక్కించడం. ఇదేమీ కొత్త విద్య కాదు. ఫిల్ము రోజుల్లో ఎడిటర్లు కోసింది రష్ ప్రింటునే. నెగెటివ్‌ను అంచు నంబర్లు చూసుకుంటూ ఆఖర్న కోసేవారు. గీత పడితే మళ్లీ దొరకదని ఆ భయం.

ఇంత తంటా ఎందుకంటే, ముహూర్తం దగ్గరికి రండి. జీలకర్ర బెల్లం పెట్టగానే గట్టిమేళం లేస్తుంది. మూడు కెమెరాల ధ్వని గీతలూ టైమ్‌లైన్ మీద అక్కడ ఒక్కసారిగా గోడలా లేచి నిలబడతాయి. ఆ గోడలను ఒకదాని కింద ఒకటి చేర్చుకుంటే చాలు, క్లాప్ బోర్డు అక్కర్లేదు. చిన్న మెలిక ఉంది. శబ్దం ఒక ఫ్రేము కాలంలో సుమారు 14 మీటర్లే పోతుంది. హాలు చివర నిలబెట్టిన కెమెరాలో మేళం ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యంగా వినిపిస్తుంది. కాబట్టి చెవితో కలిపాక, జీలకర్ర బెల్లం పెట్టే చేతులు చూసి కంటితోనూ సరిచూస్తాను. ఆ తర్వాత మూడు ముళ్లు. మూడోముడి దాకా చేతుల మీదే ఉండాలా, రెండో ముడికే అమ్మాయి తల్లి మొహానికి వెళ్లిపోవాలా? నేనైతే తల్లి దగ్గరికే పోతాను. ఆ ఒక్క కోత కోసం పదిసార్లు తిప్పి చూడాలి. చూస్తున్నప్పుడు బొమ్మ ఆగి ఆగి కదిలిందంటే ఏ నిర్ణయమూ కుదరదు.

సాఫ్ట్‌వేర్ మీద మాత్రం నాకు పట్టింపు తక్కువ. డావిన్సీ రిజాల్వ్ ఉచితంగానే అల్ట్రా హెచ్‌డీ దాకా ఇస్తుంది, రంగుల పనికి దానికి సాటి లేదు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం గట్టిగా అడుగుతుంది. ఎడియస్ తేలిక, మన మిక్సింగ్ గదుల్లో పాత కాపు. ప్రీమియర్‌కు అద్దె కడుతూనే ఉండాలి. అందులో టెక్స్ట్ ఇంజన్‌ను దక్షిణాసియా భాషలకు మార్చకపోతే 'శ్రీరస్తు'లో స్‌ ఒకచోట, తు ఒకచోట కూర్చుంటాయి. పెళ్లి వీడియోకి మొదటి కార్డే అది!

ఇక డిస్కులు. 100 ఎంబీపీఎస్ చొప్పున గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు, నాలుగు గంటలంటే 540 జీబీ, ఒక్క పెళ్లికి. పనిచేసేది ఎస్ఎస్‌డీ మీద, దాచేది మామూలు హార్డ్‌డిస్కుల్లో. కరెంటు పోతే సేవ్ చేసుకునేంత సేపు నిలబెట్టే యూపీఎస్ ఒకటి. ఓసారి టేబుల్ మీది డిస్కు వైరు కాలికి తగిలి కింద పడింది. ఆ పెళ్లి దానిలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ తండ్రికి ఫోన్ చేయడానికి రెండు రోజులు పట్టింది నాకు. ఇప్పుడు రెండు డిస్కుల్లోకి ఎక్కాకే కెమెరా కార్డు ఖాళీ చేస్తాను. రెండోది మా అత్తగారింట్లో, బియ్యం డబ్బా పక్కన ఉంటుంది.